పిల్లల పుస్తకములు, మన రిజిస్టరు

ధ్యానభాగములు: 1 సమూయేలు 3:1-18, లూకా 2:41-51

మన సంఘపు పఠన మందిరమును పిల్లలకొరకు మరల తెరువవలెనని కమిటీవారు తీర్మానించిన సంగతి చదువరు లెరుగుదురు. రెండు బీరువాల పుస్తకములు, ఒక పొడుగుపాటి బల్ల, ఒక సహోదరుడు దానముగా నిచ్చిన కంప్యూటరు సిద్ధముగా నున్నవి. సున్నము కొట్టించుట, కిటికీలు బాగుచేయించుట మొదలగు పనులన్నియు త్వరగానే ముగిసినవి. ఒక చిన్న విషయమునొద్ద మాత్రము మేము ఆగిపోతిమి. పుస్తకములు ఇంటికి తీసికొనిపోవు పిల్లల పేర్లు వ్రాయు రిజిస్టరు ఎక్కడ నుంచవలెను? దానిని ఎవరెవరు చూడవచ్చును? ఇదియు నొక ప్రశ్నయేనా అని కొందరు నవ్విరి. మేమును నవ్వితిమి. తరువాత అటకమీదనుండి పాత రిజిస్టరును దింపి పుటలు త్రిప్పి చూచినప్పుడు మా నవ్వు ఆగిపోయెను.

ఆ రిజిస్టరు ఆ దినములలో ద్వారము ప్రక్కనే బల్లమీద తెరచి యుండెడిది. ఎవరి పుస్తకము వారే వ్రాసికొని పోవుట మన వాడుక. అందులో 14 ఏండ్ల బాలిక యొకతె పేరు ఒక్క సంవత్సరములో 31 సార్లు కనబడుచున్నది. కథలు, ప్రయాణ వృత్తాంతములు, నక్షత్రములను గూర్చిన పుస్తకము రెండు మారులు. చివరిది, ఎదుగు వయస్సులో ఆడపిల్లల శరీరమునందు కలుగు మార్పులను గూర్చి ఒక వైద్యురాలు వ్రాసిన చిన్న పుస్తకము. దాని తరువాత ఆమె పేరు ఎక్కడను లేదు. ఏమి జరిగినదో మాలో కొందరికి జ్ఞాపకమున్నది. తన కుమారుని పేరు వ్రాయవచ్చిన ఒక తల్లి ఆ వరుసను చూచెను. మంచి మనస్సుతోనే బాలిక తల్లికి చెప్పెను. బుధవారపు ప్రార్థన కూటమునాటికి అది నలుగురి నోట పడెను. ఎవరును ఆ పిల్లను కొట్టలేదు, తిట్టలేదు. పిన్నమ్మయు మేనత్తయు కూర్చుండియుండగా, "నీకా పుస్తకమెందుకు కావలసివచ్చిందే?" అని తల్లి అడిగినదట, అంతే. మరునాడు పుస్తకము తిరిగివచ్చెను, బాలిక రాలేదు. ఆ పుస్తకములో సిగ్గుపడవలసిన మాట ఒక్కటియు లేదు. స్త్రీల సమాజమువారే దానిని కొని యిచ్చిరి. కొన్నవారము మేమే, చదువుమని బీరువాలో పెట్టినవారము మేమే, చదివినందుకు ఆ పిల్లను నలుగురిలో నిలువబెట్టినవారమును మేమే.

ఈ సంగతి కమిటీలో ప్రస్తావనకు వచ్చినప్పుడు పెద్ద ఒకరు లేచి, "నా కుమారుని పళ్లెములో ఏమి పడుచున్నదో నేను చూతును గదా, వాని తలలో ఏమి పడుచున్నదో చూడవద్దా?" అని యడిగిరి. ఈ మాటను త్రోసివేయుటకు వీలులేదు. తల్లిదండ్రులమీద దేవుడు పెట్టిన భారము తేలికైనది కాదు. ఇంటిలోను దారిలోను, రాత్రియు ఉదయమును పిల్లలకు తన మాటలు నేర్పవలెనని ద్వితీయోపదేశకాండము 6వ అధ్యాయములో ఆయన ఆజ్ఞాపించెను. పిల్లలు ఏమి చదివినను మాకేమి అని ఊరకుండు తండ్రి క్రైస్తవ తండ్రి కాడు. అయితే ఆ అధ్యాయము మనకు అప్పగించినది మాటలాడు పని. వారమంతయు కుమారునితో నాలుగు మాటలు మాటలాడక, శనివారమున రిజిస్టరు తిరుగవేసి చూచినంత మాత్రమున ఆ పని నెరవేరునా? పళ్లెము ముందు తండ్రియు కుమారుడును కలిసి కూర్చుందురు. రిజిస్టరు ముందు తండ్రి ఒక్కడే నిలుచును.

ఈ ప్రశ్నను మనస్సున నుంచుకొని మేము 1 సమూయేలు 3వ అధ్యాయమును మరల చదివితిమి. సండే స్కూలులో పలుమారు చెప్పిన కథయే. చిన్నవాడైన సమూయేలు రాత్రివేళ పిలుపు విని ముమ్మారు ఏలీయొద్దకు పరుగెత్తెను. మూడవసారి ఏలీకి తెలిసినది, పిలుచుచున్నది యెహోవాయని. అప్పుడాయన ఏమి చేసెను? పిల్లవానిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, "నేనును విందును" అనలేదు. ఏమని ప్రత్యుత్తరమియ్యవలెనో నేర్పి, తిరిగి వాని పడక యొద్దకే పంపెను. ఏలీ యాజకుడు, వృద్ధుడు, ఆ బాలుని బాధ్యత తలమీద నున్నవాడు. అయినను ఆ గడియలో ఆయన వేరొక గదిలోనే యుండెను. తెల్లవారినప్పుడు, "నా కుమారుడా" అని పిలిచి అడిగెను. భయపడిన బాలుడు ఏమియు దాచక సమస్తము చెప్పెను. ఏలీ ఒత్తిడి పెట్టలేదని మేమనుట లేదు. దాచినయెడల శిక్ష కలుగునని గట్టిగానే చెప్పెను. కాని ఆ ఒత్తిడి ముఖాముఖిగా జరిగినది, మధ్యవర్తి లేడు, చాటునుండి విన్నవాడు లేడు. మరియొక సంగతి కూడ గమనింపవలెను. ఆ రాత్రి సమూయేలు విన్నది ఏలీ యింటివారి పాపమును గూర్చిన తీర్పు. పిల్లలు తెలిసికొను సంగతులు ఒకప్పుడు మనకే వ్యతిరేకముగా నుండవచ్చును. అందుకని ఏలీ వారి చెవులు మూయలేదు.

ఇక్కడ పైన చెప్పిన పెద్దగారు మరల అడ్డము వచ్చిరి. "ఏలీని మాదిరిగా చూపుచున్నారా? తన కుమారులను అదుపులో పెట్టనందుకే గదా దేవుడాయనను శిక్షించినది!" ఆ మాట నిజమే, మాకును అది గ్రుచ్చుకొన్నది. కాని 2వ అధ్యాయము చూడుడి. హొఫ్నీ ఫీనెహాసులు చేయుచున్నదంతయు ఏలీకి తెలియును; జనులందరును వచ్చి చెప్పుచుండిరి. ఆయనకు కొరతపడినది సమాచారము కాదు, లేచి అడ్డగించు ధైర్యము. మనలో అనేకుల స్థితియు ఇదియే. మన పిల్లలను గూర్చి మనకు చాల తెలియును. తెలిసినదానిని గూర్చి వారితో ఎట్లు మాటలాడవలెనో తెలియక, మరింత తెలిసికొనుటకు ప్రయత్నింతుము.

లూకా 2వ అధ్యాయములోని తల్లిని గూర్చియు ఒక మాట. 12 ఏండ్ల కుమారుడు మూడు దినములు కనబడక, చివరకు దేవాలయములో బోధకుల మధ్య వారి మాటలు వినుచు, ప్రశ్నలు వేయుచు కనబడెను. మరియ ఆయనను మందలించినది. అది తల్లి హక్కు. ఆయన యిచ్చిన ఉత్తరము ఆమెకు గాని యోసేపునకు గాని బోధపడలేదు. బోధపడని దానిని ఆమె బంధువుల గుంపులో చర్చకు పెట్టలేదు. హృదయములో భద్రము చేసికొనెను. యెరూషలేమునుండి నజరేతువరకు ఆ ప్రయాణములో బంధువులు, పరిచయస్థులు ఎందరుండిరో, ఎందరు "ఏమి జరిగినదమ్మా?" అని అడిగియుందురో!

మనవారికి గ్రంథాలయములు క్రొత్తవి కావు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయము వెలసినది. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడినది. అయ్యంకి వెంకటరమణయ్యగారు మొదలగువారు ఊరూరను పుస్తకములు చేర్చుటకు శ్రమించిరి. 1960లో ఆంధ్రప్రదేశ్ గ్రంథాలయ చట్టము వచ్చినది. ఇంటి పన్నుతోబాటు రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు మన మందరము కట్టుచునే యున్నాము. కనుక పిల్లవాడు గ్రంథాలయములో అడుగుపెట్టుట ఎవరో దయతలచి యిచ్చిన అనుమతి కాదు. అయితే పుస్తకము పిల్లవాని చేతికి చేర్చుటకు ఇంత పాటుపడిన మనము, అది చేరిన తరువాత వానిని ఊరకుండనిచ్చు సంగతిని అంతగా ఆలోచింపలేదు. చదువు పిల్లవాని వెనుక నిలిచి భుజముమీదుగా తొంగిచూచుట మన యిండ్లలో ప్రేమయొక్క గుర్తుగానే చెల్లుచున్నది.

గ్రంథాలయములలో చాలకాలము వాడుకలో నుండిన రెండు పద్ధతులను ఇచ్చట వివరించుట మంచిది, ఏలయనగా మా కమిటీ వాదము ఇక్కడనే తేలినది. 1895 ప్రాంతమున అమెరికాలో నీనా బ్రౌన్ అను గ్రంథాలయోద్యోగిని పేరిట వ్యాపించిన పద్ధతి యొకటి. ప్రతి పుస్తకములో ఒక చిన్న కార్డు ఉండును. చదువరికి జేబువంటి టిక్కెట్టు ఉండును. పుస్తకము తీసికొనినప్పుడు ఆ కార్డును ఆ టిక్కెట్టులో దోపి, తేదీ వరుసన పెట్టెలో నుంతురు. పుస్తకము తిరిగి రాగానే కార్డు పుస్తకములోనికి, టిక్కెట్టు చదువరి చేతికి పోవును. ఇక ఎవరేమి చదివిరో చెప్పు గుర్తు లోకములో ఎక్కడను మిగులదు. మన దేశములోను ఈ పద్ధతి విరివిగా నడచినది. రెండవది న్యూవార్కు పద్ధతి. ఇందులో పుస్తకపు కార్డుమీదనే తీసికొన్నవారి సంఖ్య, తేదీ వరుసగా నిలిచిపోవును. సంఖ్యకు బదులు పేరే వ్రాసిన చోట, తరువాత ఆ పుస్తకము తీసికొను ప్రతివాడును ముందటివారి జాబితా చదువుకొనవచ్చును. రెండు పద్ధతులును పుస్తకము పోకుండ కాపాడును. ఒకటి పుస్తకముతోబాటు పిల్లవానిని కూడ కాపాడును. మన పాత రిజిస్టరు న్యూవార్కు కంటెను అధ్వాన్నము. అందులో ప్రతివాని చదువును పేరు పేరున ద్వారమునొద్ద పరచియుంచితిమి.

ఈ విషయమును అమెరికాలో మనకంటె ఎక్కువగా వాదించిరి. మన సంఘపు కుటుంబములనుండియు అనేకుల పిల్లలు, మనుమలు అక్కడి గ్రంథాలయ కార్డులు గలవారే గనుక ఆ సంగతులు మనకు దూరము కావు. అక్కడి గ్రంథాలయ సంఘమువారు 1939 నాటి తమ నీతి నియమావళిలోనే, చదువరిని గూర్చి తెలిసిన స్వంత విషయములను రహస్యముగా నుంచుట గ్రంథాలయాధికారి విధియని వ్రాసికొనిరి. వయస్సును బట్టి చదువరి హక్కును తగ్గింపరాదని 1967లో చేర్చిరి. అయితే రాష్ట్రముల చట్టములు ఒక్క తీరున లేవు. విస్కాన్సిన్ రాష్ట్రములో 16 ఏండ్ల లోపు పిల్లల వివరములను, వారిని పెంచుచున్న తలిదండ్రులు అడిగినయెడల ఇయ్యవలెనని చట్టమే చెప్పుచున్నది. ఆ సంఘమువారి వాదములో మాకు నచ్చిన అంశ మొకటి యున్నది: తన బిడ్డ చదువును హద్దులో పెట్టు హక్కు తల్లిదండ్రులదే, కాని ఆ హక్కు తన బిడ్డవరకే. మా పఠన మందిరములో జరిగినది దీనికి సరిగా తలక్రిందు. తల్లికంటె ముందుగా పొరుగింటమ్మ చూచెను.

మన దేశములో 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము, వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేయని తీర్పు చెప్పెను. 2023లో పార్లమెంటు చేసిన వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టములో 18 ఏండ్లు నిండనివారందరును పిల్లలే. వారి సమాచారమును వాడుకొనుటకు తల్లిదండ్రుల సమ్మతి కావలెనని, వారి నడవడిని వెంబడించి గమనింపరాదని అందులో నున్నది. కాని ఆ చట్టము కంప్యూటరులో నెక్కిన సమాచారమునకే. కలముతో వ్రాసి కాగితముమీదనే యుంచిన మన రిజిస్టరును అది తాకదు. కనుక ఈ రిజిస్టరు సంగతిలో మనలను అడుగువాడు ఇన్‌స్పెక్టరు కాడు, మన మనస్సాక్షియే.

1989లో ఐక్యరాజ్యసమితి అంగీకరించిన బాలల హక్కుల ఒడంబడికలో మనదేశము 1992లో చేరినది. అందులో 13, 17వ అధికరణములు పిల్లలకు సమాచారము పొందు హక్కును, 16వది గోప్యతను ఇచ్చుచున్నవి. 5వ అధికరణము తల్లిదండ్రుల మార్గదర్శకత్వమును ఒప్పుకొనుచు, అది పిల్లవాని ఎదుగుచున్న శక్తికి తగినట్లుండవలె నన్నది. మాకిది ఎంతో తెలివైన మాటగా తోచినది. 6 ఏండ్ల పిల్లవాని పుస్తకమును అమ్మ చూడకపోయిన ఎవరు చూతురు? 16 ఏండ్ల కుమార్తె సంచిలోని పుస్తకమును ఆమె లేనప్పుడు తీసిచూచుట వేరు. ఈ రెంటి నడుమ గీత ఎక్కడ గీయవలెనో ఏ ఒడంబడికయు చెప్పజాలదు. ఒక్కొక్క యింట ఒక్కొక్క బిడ్డ యెడల అది మారుచుండును.

ఇక చెప్పుటకు కష్టమైన సంగతి. ఇల్లు అందరు పిల్లలకును భద్రమైన చోటు కాదు. క్రైస్తవ గృహములన్నియు భద్రమైనవే యని మనము ప్రసంగములో చెప్పుకొనవచ్చును గాని అది నిజము కాదని కాపరులెరుగుదురు. తన బంధువు ఎవరో తనయెడల చేయుచున్న దుష్కార్యమునకు పేరేమో తెలియక, అడుగుటకు నోరు రాక, ఒక పుస్తకములో వెదకు బిడ్డ ఉండవచ్చును. ఆ బిడ్డ ఏ పుస్తకము తీసికొనెనో ముందుగా తెలిసికొనువాడు ఆ బంధువే యైన యెడల? మన రిజిస్టరు ఎవరి చేతిలో ఆయుధమగును? ఇట్టి బిడ్డ ఒక్కటి ఉన్నను చాలును, ఆ రిజిస్టరును మూసి యుంచుటకు. అయితే ఆ బిడ్డ నోరు తెరచి పుస్తకములిచ్చు అక్కతో చెప్పినయెడల, అది రహస్యముగా దాచదగిన మాట కాదు. 2012 నాటి పోక్సో చట్టము ప్రకారము తెలిసినవారు పోలీసులకు తెలుపవలసినదే. సంఘపు పరువని ఆగరాదు. పిల్లల సహాయమునకు 1098 నంబరు ఉన్నది. దానిని పిల్లలే చూచి జ్ఞాపకముంచుకొనునట్లు గోడమీద పెద్ద అక్షరములతో వ్రాయించితిమి. చదువును గూర్చి మౌనముగా నుండుట ఒకటి, గాయమును గూర్చి మౌనముగా నుండుట మరియొకటి.

కంప్యూటరు సంగతి ఇంకను తేలలేదు. పుస్తకముల బీరువాకు ఒక హద్దుండును. దానిలో నున్నవి మనము ఏరి పెట్టినవే. ఇంటర్నెట్టుకు అట్టి హద్దు లేదు. అమెరికాలో 2000లో చేసిన చట్టము, ప్రభుత్వ సహాయము పొందు గ్రంథాలయముల కంప్యూటరులకు అశ్లీల చిత్రములను ఆపు జల్లెడలు పెట్టవలెనన్నది. 2003లో అక్కడి సుప్రీంకోర్టు దానిని నిలిపినది. పెద్దలు అడిగిన యెడల ఆ అడ్డు తీయవచ్చునని కూడ గమనించినది. మాలో అనేకులము అట్టి జల్లెడ ఉండవలెనను పక్షము వారమే. దానియందు ఒక లోపము గలదు: మాటలను బట్టి ఆపు యంత్రమునకు, దుర్మార్గుడు వ్రాసినదియు వైద్యురాలు వ్రాసినదియు ఒక్కటిగానే కనబడవచ్చును. ఆ 14 ఏండ్ల బాలిక నేడు వచ్చి అదే ప్రశ్న కంప్యూటరును అడిగినచో, గోడ అడ్డము వచ్చి, "నీవు అడుగరానిది అడిగితివి" అన్నట్లు తెరమీద కనబడిన, ఆ సిగ్గు మేము పెట్టిన సిగ్గుకంటె తక్కువది కాదు. అందుచేత జల్లెడతోబాటు, అడ్డు తీయుమని మెల్లగా అడుగుటకు ఒక మనిషి ప్రక్కన ఉండవలెనని కొందరనిరి. తెర గదిలోనివారందరికి కనబడునట్లు త్రిప్పియుంచవలెనని మరికొందరనిరి. ఆ రెండవ యాలోచనలో మంచి లేకపోలేదు గాని, అది మరల ఆ తెరచిన రిజిస్టరువంటిదే గదా అని మాకు సందేహము. సంపాదక వర్గములోనే మేము ఏకాభిప్రాయమునకు రాలేకపోతిమి.

తేలిన సంగతులివి. రిజిస్టరు ఇక ఉండదు. బ్రౌను పద్ధతిని టిక్కెట్లు కుట్టించుచున్నాము. సమాజపు అక్కలు ఇద్దరు ఆ పని నెత్తిన వేసికొనిరి. పుస్తకము తిరిగి వచ్చినప్పుడు కార్డు విడదీసి, టిక్కెట్టు పిల్లవాని చేతికే ఇత్తురు. కంప్యూటరులో ఒకరు చూచిన వాటి జాడ వారు లేవగానే తుడిచివేయబడును. తల్లిగాని తండ్రిగాని వచ్చి, "మా బిడ్డ ఏమి తీసికొన్నది?" అని యడిగిన యెడల, పుస్తకములిచ్చువారు కోపపడక, "ఇంటికి వెళ్లి అడుగుడమ్మా" అని మర్యాదగా చెప్పుదురు. 10 ఏండ్ల లోపు పిల్లలు పెద్దవారితో కలిసి రావలెను. ఈ చివరి రెండు నియమములు కొందరు తల్లిదండ్రులకు నచ్చలేదని మా కెరుకయే. వారి మాట వినకుండ ద్వారము తెరువము.

పాత రిజిస్టరును ఏమి చేయవలెనను ప్రశ్నకు మాత్రము వాదము లేకుండనే జవాబు దొరికినది. అందులోని బకాయి పుస్తకముల వివరములు వేరుగా వ్రాసికొని, పోయిన గురువారమున పాస్టరుగారి యెదుట దానిని కాల్చివేసితిమి. ఆ బాలిక, నేడు పిల్లల తల్లి, మరియొక ఊరిలో నున్నది. ఆమెకు ఒక ఉత్తరము వ్రాసితిమి. క్షమింపుమనియు, ఆ నక్షత్రముల పుస్తకము ఇంకను బీరువాలో నున్నదనియు వ్రాసితిమి. జవాబు రాలేదు.

కంప్యూటరును గూర్చి మాటలాడుటకు రెండవ ఆదివారము ఆరాధన తరువాత పఠన మందిరములో కూడుకొందుము. తల్లిదండ్రులు తప్పక రావలెనని కోరుచున్నాము. 12 ఏండ్లు దాటిన పిల్లలును రావచ్చును. వారు అడుగదలచిన ప్రశ్నలను పేరు లేకుండ చీటీమీద వ్రాసి ద్వారమునొద్దనున్న పెట్టెలో వేయవచ్చును.